సచివాలయంలో సచివుడు ఎవరు?

సత్యనారాయణపురం నుంచి:
వేసవి సెలవులకి హైదరాబాదు నుంచి మా అన్నయ్య కూతురు వచ్చింది. ఎనిమిదో తరగతి. పొద్దున్నే లేచి "నానమ్మ ఏది బాబాయ్?" అంది. "సచివాలయానికి వెళ్లింది, ఎండ ముదరకముందే వచ్చేస్తుందిలే" అన్నాను. ఇడ్లీ ముక్క నోటిదాకా తీసుకెళ్లి ఆపేసింది. "సీఎం దగ్గరికా?"

దాని తప్పు లేదు. అక్కడ సచివాలయం అంటే ఒక్కటే, హుస్సేన్‌సాగర్ దగ్గర గుమ్మటాలతో 2023లో తెరిచిన పెద్ద భవనం. మన విజయవాడలో వార్డు సచివాలయం అంటే సందు చివర రెండు గదులు, నాలుగు కంప్యూటర్లు, గోడ మీద లబ్ధిదారుల జాబితా. మా అమ్మ వెళ్లింది ఆధార్‌లో ఫోన్ నెంబరు మార్పించుకోడానికి.

పిల్లకి సర్దిచెప్పాను గానీ నాకే అనుమానం మిగిలిపోయింది. సచివుడంటే మంత్రి కదా. మంత్రి మొహం ఎరగని చోటు సచివాలయం ఎలా అయింది? 2019 అక్టోబరు 2న గ్రామ, వార్డు సచివాలయాలు మొదలైనప్పటి నుంచి వాడుతున్న మాటే, ఇన్నాళ్లూ తట్టలేదు. పేరు పెట్టినవాళ్లకి తెలుగు రాదని నేను తిట్టేలోపు పెద్దలెవరైనా చెప్పండి.

పటమట నుంచి:
మాకైతే ఏ గందరగోళమూ లేదండీ. పెద్దదాన్ని సెక్రటేరియట్ అంటాం, లేదంటే అదున్న ఊరి పేరుతో వెలగపూడి అంటాం. "మా బావగారు ఫైలు పని మీద వెలగపూడి వెళ్లారు" అంటే చాలు, ఇంకేం చెప్పక్కర్లేదు. సచివాలయం అన్నామంటే అది వార్డుదే. ఇంగ్లీషు మాట పెద్దాఫీసుకి, తెలుగు మాట చిన్నాఫీసుకి పంచేశాం. మా ఇంటి ఎదురు ఆవిడ "సచ్చివాలయం" అని ఒత్తి పలుకుతుంది. పని కాని రోజు ఆవిడదే రైటనిపిస్తుంది.

బ్రాడీపేట మాస్టారు:
తిట్టకండి నాయనా. సచివుడంటే మంత్రే అని మనకి అలవాటు చేసింది పద్యాలూ, పత్రికల హెడ్డింగులూ. ఆ మాట పుట్టుకలో ఉన్నది తోడు. సంస్కృతంలో "సచ్" ధాతువుకి కలిసి ఉండడం, వెంట ఉండడం అని అర్థం. సచివుడు అంటే ముందు తోడుండేవాడు, సాయపడేవాడు. ఆ తర్వాతే రాజుకి తోడు, అంటే మంత్రి.

అమరకోశం క్షత్రియవర్గంలో ఈ తేడా ఒక్క పంక్తిలో ఉంది: "మంత్రీ ధీసచివోఽమాత్యోఽన్యే కర్మసచివాస్తతః". బుద్ధితో తోడ్పడేవాడు ధీసచివుడు, అతనే మంత్రి, అమాత్యుడు. తక్కినవాళ్లు కర్మసచివులు, పనిలో తోడ్పడేవాళ్లు. మీ అమ్మగారి ఫోన్ నెంబరు మార్చేవాళ్లు అచ్చంగా కర్మసచివులే. ఇంకొకడున్నాడు, నర్మసచివుడు. రాజుగారి సరసాలకి తోడు. ఆయన ఏ ఆఫీసులో కూర్చుంటాడో నేను చెప్పను.

అసలు చిక్కు ఇంకోచోట ఉంది. హిందీలో సెక్రటరీని సచివ్ అంటారు. కాబట్టి సచివ్‌లు ఉండే చోటు సచివాలయ్, లెక్క సరిపోయింది. మనం సెక్రటరీకి కార్యదర్శి అనే మాట పెట్టుకుని, సెక్రటేరియట్‌కి మాత్రం సచివాలయం అన్నాం. అందుకే మన పేపర్లో "ప్రధాన కార్యదర్శి సచివాలయంలో సమీక్షించారు" అని వస్తుంది. ప్రధాన సచివుడు అని రాస్తే ముఖ్యమంత్రి అనుకుంటాం. ఇంట్లో మనిషికో పేరు, గుమ్మం మీద ఇంకో పేరు.

ఆలయం అన్నారని గుడి అనుకోకండి, చేరి ఉండే చోటు అంతే. హిమాలయం, గ్రంథాలయం లాగే.

వన్ టౌన్ నుంచి:
మాస్టారూ, నేను వార్డు సచివాలయంలోనే పనిచేస్తున్నాను. మీ లెక్క ప్రకారం హిందీ అర్థమే మాకు సరిపోయింది. ఎందుకంటే వార్డులో దాదాపు అందరం సెక్రటరీలమే. అడ్మినిస్ట్రేటివ్ సెక్రటరీ, శానిటేషన్ సెక్రటరీ, ఎమినిటీస్ సెక్రటరీ, ప్లానింగ్ సెక్రటరీ, వెల్ఫేర్ సెక్రటరీ. పల్లెటూళ్లలో మాత్రం ఎక్కువమంది అసిస్టెంట్లు: ఇంజనీరింగ్ అసిస్టెంట్, డిజిటల్ అసిస్టెంట్, వెల్ఫేర్ అసిస్టెంట్. అక్కడ పాతకాలం నుంచీ సెక్రటరీ అంటే పంచాయతీ సెక్రటరీ ఒక్కరే.

హోదా ఎంత పొడుగున్నా జనం పిలిచేది వేరు. నన్ను "సచివాలయం అమ్మాయి" అంటారు. ఎమినిటీస్ చూసే ఆయన్ని "కుళాయిల సారు" అంటారు. కొంతమంది పెద్దవాళ్లు ఇప్పటికీ మా అందరినీ వాలంటీర్లనే అనుకుంటారు. సచివుడు అని పిలిచినవాళ్లు ఇంతవరకూ లేరు.

మీరు సచివాలయం మీద పడ్డారు గానీ, అంతకంటే ఇబ్బంది పెట్టేది వార్డు అనే మాట. బెజవాడలో కార్పొరేటర్లు డివిజన్లకి ఉంటారు, 64 డివిజన్లు. సుమారు నాలుగు వేల జనాభాకి ఒక వార్డు సచివాలయం అన్నారు కాబట్టి ఒక డివిజన్‌లోనే నాలుగైదు పడతాయి. సచివాలయం నెంబరు వేరు, డివిజన్ నెంబరు వేరు. ఫారం మీద వార్డు నెంబరు అని ఉంటే ఏది రాయాలో తెలియక పెన్ను పట్టుకుని నిలబడిపోతారు. రోజుకి పది మందికైనా చెప్తాను.

సత్యనారాయణపురం నుంచి:
మాస్టారికి నమస్కారాలు. తిట్టడం మానేశాను. వార్డు సంగతి చెప్పినందుకు థ్యాంక్స్ అమ్మా, నేనూ ఇన్నాళ్లూ డివిజన్ నెంబరే రాస్తున్నాను.

మీరు చెప్పింది చదివాక మండలం గుర్తొచ్చింది. చోళమండలం అంటే ఒక రాజ్యమంత నేల. అదే కోరమాండల్ అయి సముద్రతీరానికీ, రైలుబండికీ పేరైంది. 1985లో తాలూకాలు తీసేసి మండలాలు పెట్టాక అంత మాట కొన్ని ఊళ్ల గుంపుకి దిగింది. ఇప్పుడు "మండలానికి వెళ్లొచ్చాను" అంటే ఆఫీసుకని అర్థం. ఎవరూ నవ్వరు. మాట పైనుంచి కిందికి దిగడం మనకి కొత్త కాదన్నమాట.

కచేరీదీ అదే కథ. మా తాతగారు తాలూకాఫీసుని కచేరీ అనేవారు. "ఇవాళ కచేరీలో రోజంతా కూర్చున్నాను" అంటే ఎవరి పాట విన్నారో అనుకునేవాణ్ణి. ఊళ్లో అయితే చావడి. కరణాలూ మునసబులూ 1984లో పోయారు, చావడి మాట మాత్రం మా ఊళ్లో బస్సుస్టాపు పేరుగా బతికుంది.

పటమట నుంచి:
సచివుడంటే తోడు అన్నారు కదా మాస్టారూ, 2025 జనవరిలో వాట్సాప్‌లో సర్టిఫికెట్లిచ్చే సర్వీసు పెట్టారు. దాని పేరు "మన మిత్ర". ఆఫీసు పేరు తోడు, ఫోన్లో పేరు స్నేహితుడు. అర్థం చూస్తే అన్నదమ్ములే.

వన్ టౌన్ నుంచి:
కర్మసచివులు అన్న మాట మా స్టాఫ్ గ్రూపులో పెట్టాను మాస్టారూ. అందరూ కర్మ వరకే చదివి దండం పెట్టే బొమ్మలు పంపారు.