ఇన్నేళ్లకు మళ్లీ పాత ఆటలు: కొన్ని నిలిచాయి, కొన్ని నిలవలేదు. ఎందుకంటారు?

తుంగభద్ర_తీరం (కర్నూలు) అడిగిన ప్రశ్న:

సభ్యులందరికీ నమస్కారం. పాతికేళ్ల కిందట కర్నూలులో ఒక కంప్యూటర్ సెంటరులో గంటకింత అని చెల్లించి ఆడిన ఆటలను, ఈ వేసవి సెలవుల్లో పన్నెండేళ్ల మా అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకుని మళ్లీ మొదటి నుంచి ఆడుతున్నాను. సరదాకే మొదలుపెట్టాను గానీ, రెండు వారాలు గడిచేసరికి ఒక సందేహం పట్టుకుంది. అది మీ ముందు పెడుతున్నాను.

ముందుగా ‘ప్రిన్స్ ఆఫ్ పర్షియా’ సంగతి. 1989లో ఆపిల్ 2 కంప్యూటరు మీద వచ్చి, మరుసటి ఏడాది డాస్‌కు (విండోస్‌కు ముందటి కంప్యూటరు వ్యవస్థ) చేరిన ఈ ఆట మా సెంటరులోని 486 రకం పాత కంప్యూటరు మీద ఉండేది. గంట వ్యవధిలో రాకుమారిని విడిపించాలి. మేము డబ్బు కట్టేదీ గంటకే కాబట్టి, ఆటలోని గడియారమూ సెంటరు గోడ మీది గడియారమూ కలిసి మమ్మల్ని తరిమేవి. మధ్యలో ఒకచోట దారికి అడ్డంగా నిలువుటద్దం ఉంటుంది. పరుగెత్తుకొచ్చి దాని గుండా దూకితే మన నీడ మననుంచి విడివడి అటువైపు పారిపోతుంది. ఆ తర్వాత మనకు దక్కాల్సిన మందు అది తాగేస్తుంది, మనం అందుకోబోయే తలుపు మూసేస్తుంది, చివరికి కత్తి పట్టుకుని ఎదురు నిలుస్తుంది. మా అబ్బాయి దాన్ని రెండుసార్లు పొడిచాడు. పొడిచిన ప్రతిసారీ తెర కింద ఎడమ మూలన తన ప్రాణాన్ని చూపే ఎర్ర త్రికోణాల్లోనే ఒకటి తగ్గింది. “వాణ్ణి పొడిస్తే నాకెందుకు తగ్గుతాంది నాన్నా?” అని అడిగి, నేను బదులు చెప్పకపోయేసరికి కాసేపు ఊరకున్నాడు. తర్వాత కింది బాణం మీట నొక్కి కత్తి ఒరలో పెట్టాడు. నీడ కూడా పెట్టింది. ఇద్దరూ ఎదురెదురుగా వచ్చి ఒకటైపోయారు. అప్పట్లో నాకు ఈ రహస్యం సెంటరులో ఒక అన్న చెవిలో చెబితే తెలిసింది. వాడు తనంతట తానే కనిపెట్టాడు.

ఇక 2000లో వచ్చిన ‘ప్రాజెక్ట్ ఐజీఐ’, శత్రు శిబిరాల్లోకి చాటుగా చొరబడే తుపాకీ ఆట. దీన్ని మించిన ఆట లేదని ఇంటర్ రోజుల్లో స్నేహితులతో కొట్లాడినవాణ్ణి నేను. ఇప్పుడు ఆడితే, అరగంట పాటు పాకుతూ, కెమెరాలను తప్పించుకుంటూ వెళ్లాక ఎక్కడో కావలి బురుజు మీదివాడు కాల్చేశాడు. మిషన్ మధ్యలో సేవ్ చేసుకునే వీలు ఆ ఆటలో లేదు కాబట్టి మళ్లీ మొదటికే వచ్చాం. ఇలా మూడోసారి జరిగాక మా అబ్బాయి నీళ్లు తాగి వస్తానని లేచి వెళ్లి ఇక రాలేదు.

రెండూ పాతవే, రెండూ కఠినమైనవే. మరి ఒకటి ఇప్పటికీ పిల్లవాణ్ణి కట్టిపడేసి, మరొకటి నాకే విసుగు పుట్టించడం ఎందువల్ల? అప్పట్లో నాకు నచ్చింది ఆటా, లేక ఆ వయసా? పిల్లవాడి కోసం చీట్ కోడ్‌లు (చావు లేకుండా చేయడం వంటి దొంగదారి సంకేతాలు) వాడి దారి సులువు చేయడం మంచిదేనా?

ఇంకొక చిన్న విన్నపం. 2009 అక్టోబరు వరదలో మా పాత నగరంలోని ఇల్లు మునిగినప్పుడు నా సీడీల సంచి బురద నీళ్లలో నానిపోయింది. ఒండ్రు కడిగి ఆరబెడితే మూడు మాత్రం మిగిలాయి. అందులో ఒకదాని మీద రాసిన పేరు చెరిగిపోయింది. వీటిని నేటి ల్యాప్‌టాప్‌లో నడిపించే దారి తెలిసినవారు చెప్పగలరు.

అనంత_486 (అనంతపురం) సమాధానం:

మీ సందేహం నన్నూ చాలాకాలం వేధించింది. పాత ఆటలు మళ్లీ ఆడి ఆడి నేను తేల్చుకున్నదేమిటంటే, బొమ్మలు పాతబడినంత మాత్రాన ఆట పాతబడదు. మనం ఎందుకు ఓడిపోయామో మనకు అర్థమయ్యేలా చూపగలిగిన ఆటకు వయసు మీద పడదు.

ప్రిన్స్‌నే చూడండి. అందులో ప్రతి తెరా అడ్డంగా పది గళ్లు, నిలువుగా మూడు వరుసలుగా కట్టబడి ఉంటుంది. రాకుమారుడి అడుగు, దూకుడు, వేలాడటం అన్నీ ఆ గళ్ల లెక్కకు లోబడినవే. దాన్ని తయారుచేసిన జోర్డాన్ మెక్నర్ తన తమ్ముడి చేత పరుగెత్తించి, దూకించి, వీడియో తీసి, దాని మీద నుంచి బొమ్మలు గీసుకున్నాడు కాబట్టి ఆ శరీరానికి బరువు ఉంటుంది. పరుగు ఆపమంటే వెంటనే ఆగదు, ఇంకో అడుగు పడ్డాకే ఆగుతుంది. మొదట్లో ఇది చిరాకే. అలవాటయ్యాక మాత్రం అంచుకు ఎన్ని గళ్ల దూరంలో ఉన్నామో మన వేళ్లే లెక్కగడతాయి. షిఫ్ట్ మీట పట్టుకుని ఒక్కొక్క అడుగే వేస్తే మేకుల మధ్య నుంచి కూడా క్షేమంగా నడిచిపోవచ్చు. చచ్చిపోయినప్పుడు తప్పు మనదేనని అక్కడికక్కడే తెలిసిపోతుంది. మీ అబ్బాయి నీడ గుట్టు విప్పగలిగింది కూడా ఆ ఎర్ర త్రికోణం సూటిగా జవాబు చెప్పబట్టే.

1996 నాటి ‘టూంబ్ రైడర్’ కూడా ఇదే వరసలో వస్తుంది. అందులోని నాయిక లారాను తిప్పడం ఎడ్లబండిని సందులో మళ్లించినట్టుంటుందని నేటివారు నవ్వుతారు. కానీ ఆ లోకమంతా సమానమైన చదరపు దిమ్మెలతో కట్టింది. అంచు దాకా నడిచి, ఒక్కసారి వెనక్కి గెంతి, అక్కడి నుంచి పరుగు తీసి దూకితే ఎంత దూరం వెళతామో ప్రతిసారీ ఒకే లెక్క. 2024 ఫిబ్రవరిలో మొదటి మూడు భాగాలకూ మెరుగులు దిద్ది మళ్లీ విడుదల చేశారు. అందులో ఒక్క మీట నొక్కితే కొత్త బొమ్మలు పోయి పాత బొమ్మలు ప్రత్యక్షమవుతాయి. నేను కొత్త బొమ్మలతో మొదలుపెట్టి, ఏ అంచు పట్టుకోవచ్చో తెలియక ఇబ్బంది పడినప్పుడల్లా పాతవాటికి మారి చూసుకునేవాణ్ణి. గచ్చు మీద ముగ్గు చుక్కలు కనబడినట్టు దిమ్మెల లెక్క పాత బొమ్మల్లోనే స్పష్టంగా కనబడుతుంది. కొత్త పద్ధతి నడక కూడా అందులో ఇచ్చారు. దానితో తిరగడం హాయిగానే ఉంది గానీ, దూకే చోట ఆ కొలత చేజారిపోతోంది.

అలాగని ప్రతి పాత ఇబ్బందినీ నెత్తిన పెట్టుకోవాల్సిన పని లేదు. 1999లో వచ్చిన, రాజ్యం కట్టి యుద్ధాలు చేసే ‘ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2’ మొదటి కూర్పులో పొలం పండి పండి ఎండిపోయేది, రైతు చేతులు కట్టుకుని నిలబడేవాడు, మనం వెతుక్కుంటూ వెళ్లి అరవై కట్టెలు ఖర్చుపెట్టి మళ్లీ పొలం వేయాల్సి వచ్చేది. అనంతపురంవాళ్లకు కరువును మళ్లీ కంప్యూటరులో చూపాలా చెప్పండి! మరుసటి ఏడాది వచ్చిన అనుబంధంలో మిల్లు దగ్గరే ముందుగా పొలాలు వరుసలో పెట్టుకునే వీలు కల్పించారు. 2019 నాటి కొత్త కూర్పులో అది దానంతటదే జరిగిపోతుంది. ఇందులో పోయింది శ్రమే తప్ప ఆట కాదు, ఎందుకంటే ఆ పని చేయడానికి ఆలోచన ఏమీ అక్కర్లేదు. 2022లో ద్రావిడులను కూడా చేర్చారు. ఉరుమి (కొరడాలా వంగే పొడవాటి కత్తి) తిప్పే సైనికులను చూడటానికైనా మీ అబ్బాయితో ఒకసారి ఆడించండి.

ఐజీఐ విషయానికొస్తే, దాన్ని తయారుచేసిన ఇన్నర్‌లూప్ సంస్థ తన యుద్ధవిమానాల ఆట కోసం కట్టుకున్న ఇంజిన్ (ఆటను నడిపించే మూల ప్రోగ్రాము) మీదే దీన్నీ నిలబెట్టింది. అందుకే కొండలూ మైదానాలూ అంత విశాలంగా ఉంటాయి. అంత విశాలంలో ఎవడు మనల్ని చూశాడో, ఎప్పుడు చూశాడో చెప్పే ఏర్పాటు మాత్రం ఆట చేయలేదని నా అభిప్రాయం. మిమ్మల్ని విసిగించింది సేవ్ లేకపోవడం కాదు, ఎందుకు చచ్చారో తెలియకపోవడం.

చీట్ కోడ్‌ల విషయంలో నాది స్పష్టమైన అభ్యంతరం. నీడతో పోరులో చావు లేకుండా చేసి ఉంటే ఆ త్రికోణం తగ్గేదీ కాదు, వాడికి ఆ ప్రశ్న పుట్టేదీ కాదు.

ఏడురోడ్ల_కూడలి (కడప) సమాధానం:

పదేళ్లకు పైగా కడపలో నెట్ సెంటరు నడిపినవాణ్ణి కనుక సీడీల సంగతి నేను చెబుతాను.

విండోస్ 95 కాలపు ఆటలు చాలావాటిలో ఆట 32 బిట్లదే అయినా, దాన్ని కంప్యూటరులోకి ఎక్కించే సెటప్ మాత్రం 16 బిట్లది. నేటి 64 బిట్ల విండోస్ 16 బిట్ల ప్రోగ్రాములను నడపదు కాబట్టి, సీడీ బాగానే ఉన్నా గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. 2000ల మొదట్లో వచ్చిన సీడీలది వేరే తంటా. నకళ్లను అడ్డుకోవడానికి వాటిలో సేఫ్‌డిస్క్ అనే తాళం వేసేవారు. ఆ తాళానికి కావలసిన డ్రైవరులో భద్రతా లోపం ఉందని 2015లో మైక్రోసాఫ్ట్ దాన్ని పక్కన పెట్టింది, విండోస్ 10లో అసలే చేర్చలేదు. ఫలితంగా డబ్బు పెట్టి అసలు సీడీ కొన్నవాడి ఆట నడవడం లేదు, తాళం విరగ్గొట్టిన నకలు సీడీ నడుస్తోంది. ఆ రోజుల్లో మన ఊళ్లలో ఏ రకం సీడీలు ఎక్కువగా తిరిగాయో మీకూ తెలుసు, నేను విడమరిచి రాయను.

డాస్ ఆటలకైతే, పాత డాస్ కంప్యూటరును అనుకరించే డాస్‌బాక్స్ ప్రోగ్రాము ఉండగా దిగులు లేదు. ఆట మరీ వేగంగా పరుగెడితే కంట్రోల్‌తో పాటు ఎఫ్11 నొక్కండి, నెమ్మదిస్తుంది. కంట్రోల్‌తోనే ఎఫ్12 నొక్కితే వేగం పెరుగుతుంది. పాత కంప్యూటర్లకు వేగం మార్చే టర్బో బటన్ ఉండేది కదా, దాని పని ఇప్పుడు ఈ రెండు మీటలు చేస్తాయి. ఇంకో ముఖ్యమైన అమరిక ఉంది. ప్రిన్స్ వంటి ఆటల తెర 320 చుక్కల వెడల్పు, 200 చుక్కల ఎత్తు. పాత డబ్బా మానిటరు దాన్ని నాలుగుకు మూడు నిష్పత్తిలో సాగదీసి చూపేది కాబట్టి ఒక్కో చుక్క వెడల్పు కంటే ఎత్తు ఎక్కువగా ఉండేది. చిత్రకారులు దాన్ని దృష్టిలో పెట్టుకునే గీశారు. చుక్కలను చదరంగా చూపే నేటి తెర మీద అదే రాకుమారుడు నొక్కేసినట్టు పొట్టిగా, లావుగా కనిపిస్తాడు. డాస్‌బాక్స్ అమరికల ఫైలులో ‘యాస్పెక్ట్’ అన్నచోట ‘ట్రూ’ అని పెడితే వాడి పొడుగు వాడికి తిరిగొస్తుంది.

కొనుక్కోదలిస్తే, 2008 నుంచి పాత ఆటలను నేటి విండోస్‌కు సరిపడేలా సిద్ధం చేసి, ఏ తాళమూ లేకుండా అమ్ముతున్న జీఓజీ అనే వెబ్‌సైటు ఉంది. అయితే అన్నీ అక్కడ దొరకవు. 2010కి ముందు అమెరికాలో విడుదలైన ఆటల్లో 87 శాతం నేడు మార్కెట్లో లేవని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో తేల్చింది. అక్కడే పరిస్థితి అలా ఉంటే, మీ సంచిలోని మూడు సీడీలను పారేయకండి. యూఎస్‌బీ సీడీ డ్రైవు ఒకటి తెచ్చుకుని, అద్దాల గుడ్డతో మధ్య నుంచి అంచుకు సూటిగా తుడిచి (గుండ్రంగా తుడవకూడదు), ముందు ఇమేజ్ ఫైలుగా (సీడీ మొత్తానికి ఒకే ఫైలులో ఉన్న నకలుగా) కాపీ చేసుకోండి. ఆడటం తర్వాత సంగతి.

పెన్నా_గాలి (ప్రొద్దుటూరు) సమాధానం:

అనంతపురం సోదరులు ఐజీఐకి అన్యాయం చేశారని చెప్పక తప్పదు. ఆ ఆట మనకు బైనాక్యులర్ ఇచ్చింది, శిబిరమంతా పైనుంచి కనిపించే పటం ఇచ్చింది. ఈ రెండూ వాడకుండా గేటు వైపు నడిచి, ఎవడు కాల్చాడో తెలియలేదనడం న్యాయం కాదు. అడుగడుగునా సేవ్ చేసుకునే ఆటల్లో నేను ఏనాడూ కొండ మీద పది నిమిషాలు పడుకుని కావలివాళ్ల నడక లెక్కపెట్టలేదు. ఐజీఐలో లెక్కపెట్టాను, కాగితం మీద రాసుకున్నాను కూడా. పోతే ముప్పై నిమిషాలు పోతాయన్న భయమే నా చేత ఆ పని చేయించింది. కావలివాళ్ల తెలివి అంతంత మాత్రమేనని నేనూ ఒప్పుకుంటాను. అయినా మీ అబ్బాయికి తుపాకీ ఇచ్చేముందు పెన్సిల్ ఇచ్చి చూడండి.

తుంగభద్ర_తీరం (కర్నూలు), తిరిగి రాసినది:

ముగ్గురికీ కృతజ్ఞతలు. పెన్నా_గాలి గారి మాట విని శనివారం రాత్రి మళ్లీ కూర్చున్నాం. మా అబ్బాయి లెక్కల నోటు పుస్తకం చివరి పేజీలో శిబిరం పటం గీసి, బురుజులకు గుండ్రాలు, కెమెరాలకు ఇంటూ గుర్తులు పెట్టాడు. మునుపు మమ్మల్ని మూడుసార్లు చంపిన బురుజు మా కొండ చరియ నుంచి బైనాక్యులర్‌లో చక్కగా కనబడింది. పాతికేళ్ల కిందట కూడా నేను దాన్ని చూసినట్టు గుర్తు లేదు. అప్పుడు నా వెనక నిలబడి “ఎడమ పక్క, ఎడమ పక్క” అని అరిచే స్నేహితులు నలుగురుండేవారు, నా బైనాక్యులర్ వాళ్లే. ఆ మిషన్ పూర్తయింది. తర్వాతి దానిలో మాత్రం అలారం మోగి, ఎటు నుంచి వచ్చారో తెలియని మనుషుల చేతిలో చచ్చాం. కనుక అనంత_486 గారి మాట కూడా పూర్తిగా కొట్టివేయలేను. చీట్ కోడ్ అడుగుతాడేమోనని చూశాను. వాడు అడిగింది రబ్బరు.

రాకుమారుడి పొడుగు సరిచేశాను. ఇన్నాళ్లూ మరుగుజ్జుగా కనబడినవాడు ఇప్పుడు నా జ్ఞాపకంలో ఉన్నట్టే ఉన్నాడు. సీడీ డ్రైవు స్నేహితుడి దగ్గర దొరికింది. రెండు సీడీలు కాపీ అయ్యాయి. పేరు చెరిగిపోయిన మూడోది తిరుగుతున్నప్పుడు గరగర శబ్దం వస్తోంది, నలభై శాతం దగ్గర ఆగి ఆగి సాగుతోంది. ఇలాంటప్పుడు అలాగే వదిలేయాలా, ఆపి మళ్లీ తుడవాలా అన్నది ఏడురోడ్ల_కూడలి గారు చెబితే దాని ప్రకారం చేస్తాను.