యానాంలో గోదావరి ఒడ్డు పాత ఇంటి గోడ: సున్నం పూత నిలవడం లేదు

ఇల్లు ఫ్రెంచి వాళ్ల కాలం నాటిది, అంటే 1954కి ముందుది. ఇటుక, గానుగ సున్నం గోడలు, పైన మన పెంకులు. గౌతమి పాయ పక్కనే ఉంది, వేసవిలో పోటుకి సముద్రపు ఉప్పునీరు పైకి వస్తుంది. నది వైపు గోడకి నేల నుంచి మూడు అడుగుల దాకా తెల్లగా ఉప్పు పూసి, పెచ్చులు ఊడిపోతున్నాయి.

ఎప్పుడో ఎవరో కొట్టించిన సిమెంటు పూత వల్ల చెమ్మ బయటికి పోలేక ఇంకా పైకెక్కుతోందని దాన్ని మొత్తం చెక్కించాం, ఇటుకలు ఎండనిచ్చి, కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్లతో ఒక పాలు సున్నం, మూడు పాళ్లు కడిగిన ఇసుక కలిపి పూయించాం, వారం తడిపాం కూడా. వానాకాలం దాటగానే అదే మూడడుగుల మేర పిండిలా రాలిపోయింది. పైభాగం మాత్రం రాయిలా ఉంది, కాబట్టి తప్పు పాళ్లలో లేదనుకుంటున్నా. బ్రష్షుతో ఉప్పు దులిపినా మళ్లీ పూస్తోంది. మేస్త్రీ మాత్రం టైల్స్ అంటించేయమంటున్నాడు (అది జరగని పని).

పుదుచ్చేరిలోనో, గోదావరి లంకల్లోనో ఇలాంటి గోడ బాగుచేయించినవాళ్లు చెప్పండి: మళ్లీ సున్నం పూసే ముందు ఇటుకల్లోని ఉప్పుని దేనితో, ఎలా బయటికి లాగించారు?