18 ఏళ్ళ కొడుక్కి స్పోర్ట్స్ కారు కొనివ్వచ్చా? ఇంట్లో రోజూ ఇదే గొడవ

సందిగ్ధం_నాన్న

మావాడికి 18 నిండాయి, లైసెన్స్ చేతికొచ్చి ఇంకా నెల కూడా కాలేదు, స్పోర్ట్స్ కారు కావాలని పట్టుబట్టి కూర్చున్నాడు. అదీ చిన్నాచితకాది కాదు, 400 హార్స్‌పవర్‌ది, ఇంజిన్ వెనక చక్రాల్ని తిప్పే బండి, పేరు చెప్తే ఇక్కడ ఆ బ్రాండ్ ఫ్యాన్స్ గొడవ మొదలవుతుంది కాబట్టి చెప్పను. కొనలేక అడగట్లేదు, ఆ మాట ముందే చెప్పేస్తున్నా, ఎందుకంటే ఇలాంటివి అడిగితే సగం మంది "డబ్బు ఎక్కువైందా" అంటారు. అనండి పర్లేదు, కానీ దాంతోపాటు అసలు సంగతి కూడా చెప్పండి.

మా ఆవిడ ససేమిరా అంటోంది. మా బావమరిదేమో "బావా, వాడికి ఒక్క చెడలవాటు లేదు, చదువులో ముందుంటాడు, ఇలాంటోడికి కొనివ్వకపోతే ఇంకెవరికి కొనిస్తావ్" అని మేనల్లుడి తరఫున వకాల్తా పుచ్చుకున్నాడు. వీళ్ళిద్దరి మధ్యా నేను నలిగిపోతున్నా. వాడు మంచోడే, నేనూ కాదనను. వాడి వాదన ఏంటంటే కొత్త కారులో ఎయిర్‌బ్యాగులు, ఏబీఎస్ (బ్రేక్ తొక్కినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసేది), ఈఎస్‌సీ (బండి జారితే సర్దేది) అన్నీ ఉంటాయి, మీరు ఇప్పిస్తానంటున్న పాత డొక్కు కారు కంటే ఇదే సేఫ్ అని. వింటే కరెక్టే అనిపిస్తుంది, నా దగ్గర జవాబు లేదు. పిల్లలకి కొనిచ్చినవాళ్ళు, వద్దన్నవాళ్ళు, ఆ వయసులో నడిపినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి.

కోన్ల_మధ్య

సార్, డ్రైవింగ్ నేర్పడం నా పని. మీవాడు మంచోడా కాదా అన్నది కాసేపు పక్కన పెట్టండి, ఆ సంగతి కారుకి తెలీదు.

వర్షం పడి ఆగిన రోడ్డు అనుకోండి. మలుపు తిరిగి బయటికొస్తూ యాక్సిలరేటర్ కాస్త ఎక్కువ తొక్కాడు. మామూలు ఫ్రంట్ వీల్ డ్రైవ్ (ఇంజిన్ ముందు చక్రాల్ని తిప్పేది) అయితే ముందు చక్రాలు పట్టు వదిలి బండి అనుకున్నదానికంటే వెడల్పుగా పోతుంది, భయమేసి కాలు తీసేస్తాడు, చాలాసార్లు అంతటితో దానంతటదే దారికొస్తుంది. అదే పవర్ ఎక్కువున్న రియర్ వీల్ డ్రైవ్ అయితే వెనక భాగం పక్కకి జారుతుంది. ఇక్కడా భయమేసి కాలు టక్కున తీస్తాడు, లేదంటే బ్రేక్ తొక్కుతాడు, అప్పుడు బరువు ముందుకి వాలి వెనక టైర్లకి ఉన్న కాస్త పట్టు కూడా పోతుంది, బండి గిర్రున తిరుగుతుంది. ఒక కారులో కాపాడిన అలవాటే ఇంకో కారులో ముంచుతుందన్నమాట. జారుతున్న వైపుకే స్టీరింగ్ తిప్పి, కాలు మెల్లగా వదలాలి అని నోటితో చెప్పడానికి నాకు పది సెకన్లు పడుతుంది, చెయ్యడానికి వాడికి ఒక్క సెకను కూడా ఉండదు.

ఈఎస్‌సీ గురించి మీవాడు చెప్పింది సగం నిజం. ఒక్కో చక్రానికి విడిగా బ్రేక్ వేసి, ఇంజిన్ పవర్ తగ్గించి బండిని సర్దుతుంది, నిజంగా ప్రాణాలు కాపాడే వస్తువే, అమెరికాలో 2012 మోడల్స్ నుంచి, యూరప్‌లో 2014 నుంచి కొత్త కార్లన్నిటికీ తప్పనిసరి చేశారు. కానీ ఇందులోనే మీకు జవాబు ఉంది చూడండి. అంటే ఆ దేశాల్లో పదేళ్ళ నాటి మామూలు కారులో కూడా అది ఉంటుంది, దానికోసం 400 హార్స్‌పవర్ కొననక్కర్లేదు. ఇంకోటి, టైరుకి రోడ్డుకి మధ్య లేని పట్టుని అది పుట్టించలేదు. పైగా స్పోర్ట్స్ కార్లలో చాలావాటికి దాన్ని ఆపేసే బటన్ చేతికందేలా పెడతారు, కుర్రాడి వేలు ముందు పోయేది దాని మీదకే.

ఇంకో మాట. మామూలు కారు 100 స్పీడ్ అందుకోడానికి పది పన్నెండు సెకన్లు తీసుకుంటుంది, ఇలాంటిది 4, 5 సెకన్లలో అందుకుంటుంది. ఆ మధ్యలో పోయిన టైమే కొత్తవాడు "ఎక్కువైందేమో" అని ఆలోచించుకునే టైం. 100లో సెకనుకి దాదాపు 28 మీటర్లు పోతాం, స్పీడ్ రెండింతలైతే బ్రేక్ పట్టాక ఆగే దూరం నాలుగింతలవుతుంది, ఇది ఏ కంపెనీ కారైనా అంతే.

ట్విన్‌టర్బో_తమ్ముడు

వచ్చేశారండీ భయపెట్టే బ్యాచ్ 😂 నాకు 19 ఏళ్ళప్పుడు మా నాన్న కొనిచ్చారు, ఇప్పటిదాకా ఒక గీత పడలేదు. కారంటే పిచ్చి ఉన్నోడే దాన్ని బాగా చూసుకుంటాడు, టైర్ ప్రెజర్ దగ్గర్నుంచి ఆయిల్ దాకా వాడికే తెలుస్తుంది, కారంటే ఇంట్రెస్ట్ లేక ఫోన్ చూసుకుంటూ నడిపేవాడే అసలు డేంజర్. వెర్‌స్టాపెన్ 2015లో 17 ఏళ్ళకే ఎఫ్1 (ఫార్ములా వన్) రేసు నడిపాడు, అప్పటికి అతనికి రోడ్డు లైసెన్స్ కూడా లేదు, మరి అతన్నేమంటారు? వయసు కాదు బ్రో, టాలెంట్.

కోన్ల_మధ్య

తమ్ముడూ, వెర్‌స్టాపెన్ వాళ్ళ నాన్న కూడా ఎఫ్1 డ్రైవరే, పిల్లాడు స్కూలుకెళ్ళే వయసు నుంచి కార్టింగ్‌లో (చిన్న రేసు బండ్ల పోటీల్లో) పెరిగాడు. రేస్ ట్రాక్ మీద ఎదురుగా లారీ రాదు, సైకిల్ మీద ముసలాయన అడ్డం రాడు, జారితే పక్కన ఖాళీ జాగా ఉంటుంది, ఒంటి మీద ఆరు చోట్ల బెల్టు ఉంటుంది. ఇంత ఉన్నా ఆ తర్వాత ఎఫ్‌ఐఏ (ఎఫ్1కి రూల్స్ పెట్టే సంస్థ) ఏం చేసింది? 18 నిండాలి, రోడ్డు లైసెన్స్ ఉండాలి అని రూల్ పెట్టింది. నీకు గీత పడలేదంటే సంతోషం, కానీ గీత పడినవాళ్ళు ఇక్కడికొచ్చి రాయరు కదా. ఫోన్ మాట మాత్రం నిజం, ఒప్పుకుంటా.

పాలసీ_చదవండి

ఇన్సూరెన్స్ వైపు నుంచి నేనొచ్చా. మా వాళ్ళకి మీవాడి మార్కులతో పనిలేదు (కొన్ని కంపెనీలు మంచి మార్కులకి కాస్త తగ్గింపు ఇస్తాయి, అది వేరే సంగతి). వయసు, లైసెన్స్ వచ్చి ఎన్నాళ్ళయింది, బండి పవర్ ఎంత, రిపేరుకి ఎంతవుతుంది, ఇవన్నీ కలిపి చూస్తారు, మీరడిగిన కాంబినేషన్‌లో అన్నీ ఒకేసారి పైకే ఉన్నాయి. కొన్ని చోట్ల కంపెనీ అసలు పాలసీయే ఇవ్వదు.

ఇప్పుడు చాలామంది నాన్నలు వేసే తెలివి ఒకటి చెప్తా, దయచేసి మీరు వెయ్యకండి. కారు నా పేరు మీద, నడిపేది నేనే, మావాడు ఎప్పుడైనా తీస్తాడు అని రాయించడం. రోజూ తీసేది వాడే. బ్రిటన్‌లో దీన్ని ఫ్రంటింగ్ అంటారు, మోసం కిందే లెక్క, యాక్సిడెంట్ అయ్యాక బయటపడితే క్లెయిమ్ గల్లంతు. అన్నేళ్ళు ప్రీమియం కట్టి అవసరమైన రోజు చేతులు ఊపుకుంటూ ఇంటికొస్తారు.

మీకు కొలత కావాలంటే ఆస్ట్రేలియా చూడండి. అక్కడ న్యూ సౌత్ వేల్స్, విక్టోరియా, క్వీన్స్‌లాండ్‌లలో పీ ప్లేట్ (కొత్తగా లైసెన్స్ వచ్చినవాళ్ళు బండికి పెట్టుకోవాల్సిన గుర్తు) మీద ఉన్న కొత్త డ్రైవర్లు బరువులో టన్నుకి 130 కిలోవాట్లు దాటిన కారు నడపకూడదు. స్పోర్ట్స్ కారా కాదా అని చూడరు, పవర్‌ని బరువుతో భాగిస్తారు అంతే. 400 హార్స్‌పవర్ అంటే దగ్గరదగ్గర 298 కిలోవాట్లు, బండి 1.6 టన్నులు అనుకుంటే టన్నుకి 186. గీత ఎక్కడుందో, మీవాడు ఎక్కడున్నాడో చూసుకోండి. అదే మజ్దా ఎంఎక్స్-5 లాంటివి రెండు సీట్లు, టాప్ తీసే బండి, చూడ్డానికి పక్కా స్పోర్ట్స్ కారే, పవర్ మాత్రం సగం కూడా ఉండదు. కాబట్టి "స్పోర్ట్స్ కారు వద్దు" అని ఒక్క మాటలో తేల్చెయ్యక్కర్లేదు, ఏ స్పోర్ట్స్ కారు అన్నది ముఖ్యం.

వెనకసీటు_అమ్మ

పై లెక్కలన్నీ బాగానే ఉన్నాయి గానీ అన్నయ్యగారూ, ఒక్కడే నడుపుతున్నప్పుడు బుద్ధిగా ఉండేవాడు పక్కన ఫ్రెండ్ కూర్చోగానే వేరే మనిషి అవుతాడు. మా పెద్దోడిని వెనక సీట్లో కూర్చుని చూశా, నేనుంటే ఒకలా, వాడి ఫ్రెండ్స్ ఉంటే ఒకలా, అదే రోడ్డు, అదే మలుపు. "ఇంతేనా దీని స్పీడు" అని ఒకడంటే చాలు. మామూలు కారులో ఆ మాటకి తొక్కినా పెద్దగా ఏం జరగదు, ఇంజిన్ అరుస్తుంది అంతే. ఊరికే కాదు న్యూజిలాండ్ వాళ్ళు 1987లోనే లైసెన్స్‌ని మెట్లు మెట్లుగా ఇవ్వడం మొదలుపెట్టింది, మధ్య మెట్టులో పక్కన అనుభవమున్న డ్రైవర్ లేకుండా రాత్రి 10 తర్వాత నడపకూడదు, ఫ్రెండ్స్‌ని ఎక్కించుకోకూడదు. ప్రభుత్వం పెట్టకపోతే ఇంట్లో మనం పెట్టుకోవచ్చు కదా.

మీ బావమరిది గారి "మంచోడికి ఇవ్వకపోతే" అన్న మాట నాకు అస్సలు నచ్చలేదు, ఏమనుకోకండి. కారేమన్నా ప్రైజా? మార్కులకి బహుమతి ఇవ్వాలంటే ఇంకేదైనా ఇవ్వండి. ఇంకో సంగతి, మీకు చిన్నవాళ్ళున్నారా? ఉంటే వాళ్ళకి 18 వచ్చినప్పుడు ఏం చెప్తారో ఇప్పుడే ఆలోచించి పెట్టుకోండి.

ట్విన్‌టర్బో_తమ్ముడు

అక్కా మీ లాజిక్ ప్రకారమే రెండు సీట్ల కారు బెస్ట్, ఒక్క ఫ్రెండే పడతాడు 😎

వెనకసీటు_అమ్మ

ఆ ఒక్కడు నీలాంటోడైతే చాలు బాబూ.

తాళాలు_నాన్నవి

నాకు 19, అమ్మాయిని, ఇక్కడ పిల్లల వైపు నుంచి ఎవరూ మాట్లాడట్లేదు కాబట్టి నేను చెప్తా. స్పోర్ట్స్ కారు అడిగేది స్పీడ్ కోసం అనుకుంటారు పెద్దవాళ్ళు, సగం అది కాదు. గేట్ దగ్గర దిగినప్పుడు నలుగురూ తిరిగి చూడాలి, అంతే. మా క్లాస్‌లో ఒకడికి కొనిచ్చారు, మొదట్లో అందరూ ఫోటోలు దిగారు, తర్వాత వాడి పేరే పోయింది, "ఆ కారోడు" అనే పిలుస్తారు. వాడు ఏం సాధించినా వాళ్ళ నాన్న ఖాతాలోకే పోతుంది, పాపం వాడు మంచోడే. మా ఇంట్లో అయితే కారు అందరిదీ, కావాలంటే అడిగి తీసుకుంటా, ట్యాంక్ నింపి తాళం ఇస్తా. అడగాల్సి రావడం చిరాగ్గానే ఉంటుంది, కానీ రాత్రి పన్నెండింటికి ఎవడో ఫోన్ చేసి "రా తిరుగుదాం" అంటే "కారు మా నాన్నది రా" అని చెప్పి పడుకోవచ్చు, అది నాకు హాయి.

అంకుల్, కొన్ని కంపెనీలు పిల్లల కోసం సెట్టింగ్ పెడుతున్నాయి, షెవ్రొలే వాళ్ళది టీన్ డ్రైవర్ అని, ఫోర్డ్ వాళ్ళది మైకీ అని. పిల్లలకిచ్చే తాళంతో స్టార్ట్ చేస్తే బెల్ట్ పెట్టుకునేదాకా పాటలు రావు, స్పీడ్‌కి హద్దు పెట్టొచ్చు. షెవ్రొలేది అయితే ఎంత స్పీడ్‌లో వెళ్ళాడో రిపోర్ట్ కూడా చూపిస్తుంది. ఏ కారు కొన్నా అలాంటిది ఉందేమో అడగండి. మీవాడికి నేను చెప్పానని చెప్పకండి, తిట్టుకుంటాడు.

సందిగ్ధం_నాన్న

అందరికీ థాంక్స్, ఇంత ఓపిగ్గా రాస్తారనుకోలేదు. టన్నుకి 130 లెక్క వాడి ముందు పెట్టా. కాసేపు మాట్లాడలేదు, తర్వాత ఫోన్ తీసి వాడే వెతకడం మొదలుపెట్టాడు, రాత్రికల్లా ఎంఎక్స్-5 ఫోటో పంపాడు, "ఇది మీ లెక్కలోకి వస్తుంది కదా నాన్నా" అని. మా బావమరిది "చూశావా ఎంత తెలివైనోడో" అంటున్నాడు, మా ఆవిడ ఇప్పటికీ ససేమిరానే. చిన్నోడు ఉన్నాడమ్మా, 14, అన్నీ వింటున్నాడు.

కోన్ల_మధ్య గారూ, ఒక్క డౌట్. జారే రోడ్డు మీద బండి కంట్రోల్ చెయ్యడం నేర్పే ట్రైనింగ్ ముందే ఇప్పించి, అప్పుడు కారు ఇస్తే సరిపోతుందా?

కోన్ల_మధ్య

నేను నేర్పేవాడినై ఉండి ఈ మాట చెప్పకూడదు గానీ, దాని మీద ఎక్కువ ఆశ పెట్టుకోకండి. నార్వేలో కొత్త డ్రైవర్లకి జారే రోడ్డు ట్రైనింగ్ పెట్టి చూస్తే కుర్రాళ్ళ యాక్సిడెంట్లు తగ్గకపోగా పెరిగాయి. ఒక్క పూటలో చెయ్యి తిరగదు, ధైర్యం మాత్రం వచ్చేస్తుంది. ముందు ఒక ఏడాది ఇంట్లో ఉన్న మామూలు కారు ఇవ్వండి, వాన, రాత్రి, హైవే, కొండదారి అన్నీ అందులో చూడనివ్వండి, మొదట్లో పక్కన మీరు కూర్చోండి, మాట్లాడకుండా కూర్చోండి సార్, అదే కష్టం. స్పీడ్ మోజు తీరాలంటే నెలకోసారి గో కార్టింగ్‌కి పంపండి, అక్కడ తిరిగినా టైర్ల గోడే తగులుతుంది.

ఎంఎక్స్-5 మంచి బండే, పవర్ సంగతిలో నాకు భయం లేదు. కానీ దాదాపు టన్ను బరువే, నేలకి ఆనుకుని ఉంటుంది, పెద్ద బండి వచ్చి తగిలితే దెబ్బ దీనికే. అమెరికాలో ఇన్సూరెన్స్ కంపెనీల డబ్బుతో నడిచే ఐఐహెచ్ఎస్ అని సేఫ్టీ సంస్థ ఒకటుంది, టీనేజర్లకి పనికొచ్చే కార్ల లిస్ట్ ఇస్తుంది, అందులో పవర్ ఎక్కువున్నవీ ఉండవు, మరీ చిన్నవీ ఉండవు. మీ ఆవిడ గారికి ఆ లిస్ట్ చూపించండి, ఆమె వైపు బలం పెరుగుతుంది 🙂

అయినా ఏడాది తర్వాత అదే తీసుకుంటే మాత్రం ముందు టైర్లు చూడండి. ఇలాంటి బండ్లు సమ్మర్ టైర్లతో వస్తుంటాయి, చలి 7 డిగ్రీల కిందకి పోతే వాటి రబ్బరు గట్టిపడి పట్టు తగ్గిపోతుంది. మీ వైపు చలి ఎక్కువుంటే షోరూంలో ఉండగానే వేరేవి వేయించుకోండి.