పొద్దున 9 నుంచి రాత్రి 7 దాకా... ఇది ఇంటర్వ్యూనా ఇంకేమన్నానా?

రేణిగుంట_పిల్లోడు:

అన్నలూ అక్కలూ, కొంచెం పెద్ద పోస్టు, తిట్టుకోకుండా చదవండి. ఈ ఏడాదే బీకామ్ కంప్యూటర్స్ అయిపోయింది. మా నాయన నోరు తెరిచి ఏమీ అనడు గానీ రోజూ పేపర్లో ఉద్యోగాల పేజీ పైకొచ్చేట్టు మడిచి నా కంచం పక్కన పెట్టి పోతాడు, అంతకంటే తిట్టినా బాగుండు. పోయిన గురువారం వాట్సాప్‌లో ఒక వాకిన్ మెసేజ్ వచ్చింది. మేనేజ్‌మెంట్ ట్రైనీ, నెలకి 22 వేలు, అనుభవం అక్కర్లేదు, టై కంపల్సరీ. తిరపతి ఎయిర్ బైపాస్ రోడ్డులో మూడో అంతస్తు. పేరు వద్దులెండి.

9కి రమ్మంటే 8:30కే పోయినా, మాయన్న బూట్లేసుకొని, అవేమో నాకు ఒక సైజు తక్కువ. 14 మందిమి ఉండాం. 11:30 దాకా పలకరించినోడు లేడు. లోపల్నుంచి పాటలు, చప్పట్లు, మధ్యమధ్యలో గంట కొట్టడం, నేనైతే పక్కన ఏదో గుడుందేమో అనుకున్నా. తర్వాత నన్ను పిలిచిన సారు నాకంటే రెండేళ్ళు పెద్దోడు ఉంటాడేమో, ఐదేళ్ళలో ఏ కారు కొంటావు అన్నాడు. ముందు ఫోను ఈఎమ్ఐ అయిపోవాల సార్ అన్నా. నవ్వలా, రాసుకున్నాడు. బీకామ్ గురించి ఒక్క ముక్క అడగలా.

అది అయినాక ఫీల్డ్ రౌండ్ అన్నారు. చేతికి ఒక అట్ట, ఫారాలు ఇచ్చి 30 నింపుకొస్తేనే తర్వాత రౌండంట. పేరు, ఫోన్ నంబరు, ఇంట్లో ఎంతమంది, తాగేది క్యాన్ నీళ్ళా కుళాయి నీళ్ళా, నెలకి ఆదాయం ఎంత. ఆటో చార్జీ మాదే. మిట్టమధ్యాహ్నం, మే నెల ఎండ, గాంధీ రోడ్డు. మొదటి అంగడాయన నా టై చూసి మున్సిపాలిటీ అనుకొని పన్ను కట్టేసినాం సామీ అని రసీదు తీసి చూపిస్తా ఉండాడు. గోవిందరాజస్వామి గుడి దగ్గర గాజులంగడి అక్క మాత్రం స్టూలేసి కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చింది, ముందు ఆ బూట్లు ఇప్పేయ్ నాయనా మడమ చూసుకో ఎట్లయిందో అనింది. తన ఫారం నింపిచ్చి, పాపం వాళ్ళ చెల్లెలి నంబరు కూడా ఆమే రాయించింది.

సాయంత్రానికి 31 చేసినా. 7కి అందరి ముందర నా పేరు పిలిచి గంట కొట్టించినారు, సెలెక్టంట. సోమవారం ఒరిజినల్ సర్టిఫికెట్లు, ట్రైనింగ్ కిట్‌కి 3,500 తీసుకొని రావాల, రెండేళ్ళు బాండు, మధ్యలో మానేస్తే లక్ష. నాయన వీధంతా చెప్పేసినాడు. పోవాలా వద్దా?

పాకాల_అక్క:

తమ్ముడూ, 14 మంది, తలా 30, అంటే 420 ఫోన్ నంబర్లు, వాళ్ళ ఇంటి వివరాలతో సహా, ఒక్క రూపాయి ఖర్చు లేకుండా. నువ్వు పోయింది ఇంటర్వ్యూకి కాదు, కూలి లేని కూలికి. ఆ 22 వేలు కూడా కమిషన్ లెక్కే అయ్యుంటాది, ఫిక్స్‌డ్ ఎంత పీఎఫ్ ఉందా అని మెసేజ్ పెట్టి అడుగు, జవాబు రాతలో రాకపోతే నీకే అర్థమయిపోతాది.

గంగమ్మ_జాతర:

30 అంటే 31 చేసినావా!! నిన్ను వాళ్ళు వదిలేదే లే 😂

చిత్తూరు_మాజీ_హెచ్‌ఆర్:

ఒరిజినల్స్ చూపించి జిరాక్సులు ఇవ్వు, అక్కడ పెట్టి మాత్రం రాబాక. ఉద్యోగం ఇచ్చేవాడు జీతం ఇస్తాడు గానీ కిట్టుకని డబ్బులడగడు, నేను 11 ఏళ్ళు ఆ సీట్లో కూర్చున్నా. ప్రైవేట్ లిమిటెడ్ అని చెప్పుకుంటా ఉంటే ఎంసీఏ, అంటే కేంద్ర కంపెనీల శాఖ వెబ్‌సైట్లో పేరు కొట్టు, 21 అక్షరాల సీఐఎన్ అనే కంపెనీ గుర్తింపు నంబరు, ఏ ఏడాది పెట్టినారు, ఆఫీసు యాడుంది అన్నీ వస్తాయి. ఇంగ బాండు సంగతి, ఇక్కడ ఎవరో ఒకరు బాండ్లు చెల్లవు పెట్టేయ్ సంతకం అంటారు, నమ్మొద్దు. 1872 కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 74 ప్రకారం లక్ష రాసుకున్నారని లక్షా ఇప్పించరు, సబబైనంతే ఇప్పిస్తారు, ఆ మాట నిజమే. కానీ 2025 మేలో సుప్రీంకోర్టు ఒక ప్రభుత్వ బ్యాంకు ఆఫీసరు కేసులో మూడేళ్ళ లోపల మానేస్తే 2 లక్షలు కట్టాలనే షరతు చెల్లుతుందనింది. కోర్టు దాకా పోయి తేల్చుకునే ఓపిక నీకుందా మీ నాయనకుందా. ఆ 14 మందిలో ఎవరన్నా ఇప్పటికే ఫోన్‌పే కొట్టి మోసపోయుంటే లేట్ చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయమను.

పుత్తూరు_సేల్స్:

అందరూ సేల్స్ అంటే దొంగతనం అన్నట్టు మాట్లాడబాకండి. నేను సబ్బుల డిస్ట్రిబ్యూటర్ దగ్గర మొదలుపెట్టినా, పుత్తూరు నగరి లైన్లో అంగడంగడికీ తిరిగినా, కానీ మా ఓనరు మొదటి రోజే పెట్రోలుకి ఇచ్చినాడు మధ్యాహ్నం అన్నం పెట్టించినాడు. తిరగడం తప్పు కాదు తమ్ముడూ, తిప్పుకొని చేతులు దులుపుకోవడం తప్పు. ఆ ఎండలో 31 మందితో మాట్లాడినావంటే నీకు పని వచ్చు, మా దగ్గర ఖాళీ ఉంది, మెసేజ్ పెట్టు, జీతం మాత్రం 13 వేలే, ముందే చెప్తా ఉండా.

రేణిగుంట_పిల్లోడు:

అప్‌డేట్. పోలా. ఫిక్స్‌డ్ ఎంత అని మెసేజ్ పెడితే ఆ సారు ఫోన్ చేసి నీలో ఆకలి లేదు అని పెట్టేసినాడు. ఆ రోజు మధ్యాహ్నం అన్నం కూడా తినలా నేను. నాయనకి చెప్తే కాసేపు గమ్మునుండి, బూట్లు మీయన్నకి ఇచ్చేసేయ్ అన్నాడు, అంతే.

ఇంగో సంగతి, నిన్న గాజులంగడికి పోయినా. అక్కకి అప్పటికే మూడు ఫోన్లు వచ్చినాయంట, నీళ్ళ మెషిను కొంటావా అని. సారీ చెప్దామని నోరు తెరిచేలోపే ఉద్యోగం వచ్చిందా నాయనా అనింది. లేదక్కా అని ఆమె ఫోన్ తీసుకొని 1909కి ఇంగ్లీషులో స్టార్ట్ 0 అని మెసేజ్ పెట్టినా, అది పెడితే కొన్ని రోజుల్లో తగ్గుతాయంట. మా చెల్లెలిది కూడా నువ్వే రాసుకున్యావు గదా, సాయంత్రం వస్తాది, ఉండి దాందీ చేసిపో అనింది. స్టూలు మీద కూర్చోనే ఇది టైప్ చేసినా.