చదరంగంలో 1500 లోపు రేటింగ్ ఉన్నవారికి సొంత శిక్షణ ప్రణాళిక అవసరమా?

ప్రశ్న (హైదరాబాద్ సభ్యుడు):
ఆన్‌లైన్‌లో 3 నిమిషాల బ్లిట్జ్ (ఆటంతటికీ ఒక్కొక్కరికి 3 నిమిషాలే ఉండే వేగపు చదరంగం) ఆడతాను. ఏడాదిగా నా రేటింగ్ (ఆట స్థాయిని చూపే అంకె) 1350కీ 1450కీ మధ్యనే తిరుగుతోంది. నేను ఆడే యాప్ ఇచ్చిన నివేదికలో ఓపెనింగ్‌లు (ఆట ఆరంభపు ఎత్తులు) బలహీనమని ఉండడంతో, నాలుగు నెలల పాటు సిసిలియన్ అనే ఓపెనింగ్‌లో నాజ్‌డోర్ఫ్ పద్ధతి చదివాను. రేటింగ్ కదలలేదు. ఉద్యోగం పోను నాకు రోజుకు దొరికేది 45 నిమిషాలు. నా ఆటలు చూసి నా కోసమే తయారు చేసిన ప్రణాళిక కావాలా, లేక ఈ స్థాయిలో అందరూ చేయవలసినది ఒకటేనా? కారణాలతో చెప్పమని మనవి.

విజయవాడ సభ్యుడు:
ఒకటే అని నా అభిప్రాయం. 1500 లోపు ఆటల్లో ఎక్కువ భాగం ఎవరో ఒకరు పావును ఊరకే వదిలేయడంతోనో, రెండెత్తుల ఫోర్క్‌ను (ఒకే పావు ఒకేసారి రెండింటిపై చేసే దాడిని) గమనించకపోవడంతోనో ముగుస్తాయి. అందరి జబ్బూ ఒకటే అయినప్పుడు మందు వేరుగా ఎందుకుండాలి? రోజూ అరగంట ఫోర్క్, పిన్ (వెనుకనున్న విలువైన పావు కోసం ముందున్నది కదలలేకపోవడం), డిస్కవర్డ్ ఎటాక్ (ఒక పావు తప్పుకోగానే దాని వెనుకనున్న పావు చేసే దాడి) పజిల్స్ చేయండి. లైచెస్ అనే చదరంగం వెబ్‌సైట్‌లో ఇవన్నీ ఉచితంగా, అంశాలవారీగా దొరుకుతాయి. ప్రత్యేక ప్రణాళిక కోసం వెచ్చించే సమయమూ డబ్బూ 1800 దాటాక పనికొస్తాయి.

గుంటూరు సభ్యుడు (పిల్లలకు చదరంగం నేర్పుతాను):
పావులు పోవడం వల్లే ఓడిపోతారన్న మాటతో నాకు పేచీ లేదు. ఎందుకు పోతున్నాయన్నది మనిషికొక తీరుగా ఉంటుంది, నా అభ్యంతరమంతా అక్కడే. నా దగ్గర నేర్చుకున్న ఇద్దరు పిల్లల రేటింగ్ దాదాపు సమానం, ఇద్దరూ ఆటకొక పావు పోగొట్టుకునేవారు. ఒకడు తన దాడి మీదే దృష్టి పెట్టి ప్రత్యర్థి జవాబును ఊహించేవాడే కాదు. రెండోవాడికి అంతా కనిపించేది, కానీ ఇరవయ్యో ఎత్తు వచ్చేసరికి గడియారంలో అర నిమిషం కూడా మిగిలేది కాదు. పజిల్స్ మొదటివాడిని బాగు చేశాయి. రెండోవాడికి మాత్రం ఎన్ని పజిల్స్ ఇచ్చినా ఫలితం రాలేదు, ఎందుకంటే పజిల్స్‌లో అతను అప్పటికే దిట్ట.

ఇంజిన్ (ఎత్తులను లెక్కించే కంప్యూటర్ ప్రోగ్రామ్) నివేదికతో, అంటే మీ యాప్ ఇచ్చినటువంటి దానితో, వచ్చే చిక్కు కూడా ఇదే. ఏ ఎత్తులో స్థితి ఎంత చెడిందో అది చెబుతుంది గాని, ఆ క్షణాన మీరు ఏమి ఆలోచించారో దానికి తెలియదు. 1948లో ప్రపంచ విజేత అయిన బోట్విన్నిక్ తన ఆటలను తానే రాసి విశ్లేషించుకునేవాడు. ఎదుటివారి సిగరెట్ పొగ తనను కలవరపెడుతుందని గ్రహించి, మిత్రుడు రగోజిన్‌ను పొగ వదులుతూ ఉండమని చెప్పి మరీ సాధన ఆటలు ఆడాడు. ఆ లోపం అతనిది, కాబట్టి ఆ సాధనా అతనికే తగినది.

మీరు చివరగా ఓడిన 10 ఆటలు తీసుకోండి. ఇంజిన్ తెరవకముందే, ఆట చేజారిందని మీకు తోచిన ఎత్తు దగ్గర ఆగి, అప్పుడు ఏమనుకున్నారో, గడియారంలో ఎంత మిగిలిందో ఒక వాక్యం రాయండి. ఆ తర్వాతే ఇంజిన్‌తో సరిచూసుకోండి.

విజయవాడ సభ్యుడు:
1400 స్థాయి ఆటగాడు తన ఓటమికి తానే చెప్పుకునే కారణాన్ని ఎంతవరకు నమ్మగలం? మంత్రిని పోగొట్టుకున్నవారు కూడా ఓపెనింగ్ బాగోలేదనే రాస్తారు.

గుంటూరు సభ్యుడు:
అది న్యాయమైన సందేహమే, అందుకే గడియారాన్ని కూడా రాయమన్నాను. లైచెస్ ఆటల్లో ప్రతి ఎత్తు పక్కనా సమయం నమోదై ఉంటుంది. జ్ఞాపకం మోసం చేసినా అది చేయదు.

హైదరాబాద్ సభ్యుడు:
వారం రోజులు పట్టినా పదీ పూర్తి చేశాను. ఆరు ఆటల్లో పెద్ద తప్పు చేసే వేళకు నా దగ్గర 30 సెకన్ల లోపే ఉంది. మూడు ఆటల్లో డ్రా కావలసిన ఏనుగుల ఎండ్‌గేమ్ (కొద్ది పావులే మిగిలిన చివరి దశ) ఓడిపోయాను. ఓపెనింగ్‌లోనే దెబ్బతిన్నది ఒక్క ఆట. నాలుగు నెలల నా శ్రమ ఆ ఒక్క ఆటకేనని తెలిసి నిజంగా బాధ కలిగింది.

గుంటూరు సభ్యుడు:
అయితే బ్లిట్జ్ తగ్గించి 15+10 ఆడండి, అంటే ఒక్కొక్కరికి 15 నిమిషాలు. ఎత్తుకు 10 సెకన్లు కలుస్తాయి కాబట్టి 40 ఎత్తుల ఆట ఎంత సాగినా ఇద్దరికీ కలిపి 43 నిమిషాల చిల్లర, అంటే మీకున్న వ్యవధికి సరిగ్గా సరిపోతుంది. మన కోనేరు హంపి గారు 2019లోనూ 2024లోనూ ప్రపంచ ర్యాపిడ్ టైటిల్ గెలిచింది కూడా ఈ 15+10 పద్ధతిలోనే. ఒకరోజు ఆట, మర్నాడు దాని విశ్లేషణ. ఎండ్‌గేమ్ కోసం ముందుగా ఫిలిడోర్ రక్షణ (ప్రత్యర్థికి ఏనుగుతో పాటు ఒక బంటు ఉండి, మీకు ఏనుగే ఉన్నప్పుడు డ్రా చేసే పద్ధతి) నేర్చుకోండి: మీ రాజు బంటుకు ఎదురుగా ఉండగా, ఏనుగును మీ వైపు నుంచి మూడో వరుసలో నిలిపి ప్రత్యర్థి రాజును ముందుకు రానివ్వకండి, బంటు ఆ వరుసలోకి రాగానే ఏనుగును అవతలి చివరి వరుసకు తీసుకెళ్లి వెనుక నుంచి చెక్‌లు ఇస్తూ ఉండండి.

విజయవాడ సభ్యుడు:
గడియారం సంగతి ఒప్పుకుంటున్నాను, అది నాకు తట్టలేదు. అయినా సమయం ఎందుకు కరిగిపోతోందన్న ప్రశ్న మిగిలే ఉంది. పరిచితమైన ఫోర్క్ కంటబడగానే తెలిస్తే దాని కోసం నిమిషం ఖర్చు కాదు కదా. రోజుకు 10 నిమిషాల సులువైన పజిల్స్ మానవద్దు.

హైదరాబాద్ సభ్యుడు:
ఆ ఆరు ఆటలూ మళ్లీ చూశాను. సమయం ఎక్కువగా పోయింది ఎనిమిదో ఎత్తు నుంచి పద్నాలుగో ఎత్తు వరకు, అదీ దాడులు లెక్కించడంలో కాదు, రెండు మంచి ఎత్తుల్లో ఏది వేయాలో తేల్చుకోలేక. పజిల్స్ మానను, కానీ ఈ తటపటాయింపుకు మందు వాటిలో ఉందనిపించడం లేదు. ఈ రాత్రి మొదటి 15+10 ఆట ఆడి, ఆ ఏడు ఎత్తులకూ పట్టిన సమయం ఇక్కడ రాస్తాను.