మక్కలు ఒలిచే యంత్రానికి క్యాడ్ నమూనా: పని ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?

ప్రశ్న: ములుగు రోడ్డు వర్క్‌షాప్

అందరికీ నమస్కారం. వరంగల్‌లో ములుగు రోడ్డు వైపు మాకు చిన్న వర్క్‌షాప్ ఉంది. మా నాన్నగారి కాలం నుంచి మక్క కంకులు ఒలిచే యంత్రాలు తయారు చేస్తున్నాము. ఇప్పటికీ మా కొలతలన్నీ రేకు ఫర్మాలలోనూ, పెద్ద మిస్త్రీ గారి జ్ఞాపకంలోనూ ఉన్నాయి. డ్రమ్ము పళ్ల కొసకు, కింది జాలికి మధ్య 25 మిల్లీమీటర్ల సందు ఉండాలని మా అనుభవం. కానీ పూర్తయిన యంత్రాలను కొలిస్తే ఒకదానిలో 22, ఇంకొకదానిలో 28 వస్తున్నది. సందు తగ్గితే గింజ పగులుతుంది, పెరిగితే కంకికి గింజ మిగిలిపోతుంది.

నన్ను ఎక్కువగా బాధపెడుతున్నది మరొకటి. పోయిన పంటకాలంలో నర్సంపేట వైపు రైతు ఒకరు జాలి విరిగిందని వస్తే, తయారుగా ఉన్న జాలి ఇచ్చి పంపాను. అది ఆయన యంత్రానికి పట్టలేదు. కళ్లంలో మక్కలు పోసుకుని, ఆకాశంలో మబ్బు చూస్తూ ఆయన రెండు రోజులు ఆగవలసి వచ్చింది. మా యంత్రానికి మా విడిభాగమే పట్టకపోవడం నాకు తలవంపుగా అనిపించింది. క్యాడ్‌తో, అంటే కంప్యూటర్‌లో నమూనా గీసే పద్ధతితో, ఇది సరిదిద్దవచ్చా? యంత్రమంతా గీయించాలా, ఏదైనా ఒక భాగంతో మొదలుపెట్టాలా?

జవాబు: కాజీపేట డిజైనర్

సరిదిద్దవచ్చును. అయితే ముందు ఒక తేడా గమనించండి. 1982లో వచ్చిన ఆటోక్యాడ్ అనే సాఫ్ట్‌వేర్‌తో మన వైపు చాలామంది ఇప్పటికీ గీతలు మాత్రమే గీస్తున్నారు. అది కాగితానికి బదులు తెర, అంతే. మీకు కావలసినది పారామెట్రిక్ నమూనా, అంటే కొలతలు ఒకదానితో ఒకటి ముడిపడి ఉండే త్రీడీ నమూనా. డ్రమ్ము వ్యాసం, పన్ను ఎత్తు, సందు అనే మూడు విలువలను ఒక పట్టికలో పెట్టి, జాలి వంపు వ్యాసార్థం వాటి నుంచే వచ్చేలా కట్టుకుంటే, రేపు మీరు పన్ను ఎత్తు 5 మిల్లీమీటర్లు పెంచినా జాలి దానంతట అదే సర్దుకుంటుంది, సందు మాత్రం 25 దగ్గరే నిలుస్తుంది.

యంత్రమంతా గీయించకండి. డ్రమ్ము, జాలి, వాటిని మోసే రెండు పక్క పలకలు, బేరింగ్‌లు కూర్చునే ఇళ్లు చాలు. మీ సందు మారేది ఈ నాలుగింటి మధ్యనే. పొట్టు గొట్టం, చక్రాలు, పై మూత తరువాత చూసుకోవచ్చు.

రేకు పనిలో వంపు లెక్క కూడా చూడండి. 3 మిల్లీమీటర్ల రేకును, లోపలి వ్యాసార్థం 3 ఉండేలా 90 డిగ్రీలు వంచి, బయటి కొలత ఒక్కో వైపు 50 రావాలనుకుందాం. చాలామంది లోపలి కొలతలు 47, 47 కూడి 94 కోస్తారు. కె-ఫ్యాక్టర్ (వంచినప్పుడు సాగని, కుదించుకుపోని పొర లోపలి వైపు నుంచి మందంలో ఎంత వంతు దూరంలో ఉందో చెప్పే అంకె) 0.44 అనుకుంటే కోయవలసిన పొడవు 94.8. ఒక వంపుకు 0.8 చిన్నదిగా కనిపిస్తుంది కానీ, నాలుగు వంపులున్న పలకలో అది 3 మిల్లీమీటర్లు దాటుతుంది. మీ 22కూ 28కీ మధ్య తేడాలో కొంత ఇక్కడే పుడుతున్నదని నా అనుమానం. కె-ఫ్యాక్టర్‌ను పుస్తకం నుంచి తీసుకోకండి. 100 పొడవు పట్టీని మీ బెండింగ్ యంత్రం మీదే వంచి, బయటి కొలతలు రెండూ కూడండి. 105.2 వస్తే ఒక్కో వంపుకు తగ్గించవలసినది 5.2. సాఫ్ట్‌వేర్‌కు ఆ విలువ ఇవ్వండి.

జవాబు: జగిత్యాల ఫ్యాబ్రికేటర్

పై జవాబుతో ఏకీభవిస్తూ నా సొంత పొరపాటు ఒకటి చెబుతాను. నేను పసుపు పాలిష్ డ్రమ్ములు చేస్తాను. రంధ్రం ఒకటి జరిపి నమూనా మార్చాను కానీ, లేజర్ కటింగ్‌కు పాత డీఎక్స్‌ఎఫ్ ఫైలే (కోత గీతలుండే ఫైలు) పంపాను. పలకలన్నీ పాత రంధ్రంతో వచ్చాయి, తిరిగి కోయించవలసి వచ్చింది. ఆ రోజు నుంచి ప్రతి ఫైలు పేరు చివర మార్పు సంఖ్య వేస్తున్నాను, అదే సంఖ్యను పలక మీద కూడా చెక్కిస్తున్నాను. మీ రైతు విరిగిన జాలి తెచ్చినప్పుడు దాని మీద అంకె చూసి, ఏ నమూనాదో అక్కడికక్కడే చెప్పగలుగుతారు. మీ బాధకు ఇదే నేరుగా మందు అని నా అభిప్రాయం.

తిరిగి: ములుగు రోడ్డు వర్క్‌షాప్

ఇద్దరికీ కృతజ్ఞతలు. మరి రెండు సందేహాలు. సాఫ్ట్‌వేర్‌కు మేము పెద్దగా ఖర్చు పెట్టలేము. అలాగే, ఫ్రేము బలాన్ని కూడా కంప్యూటర్‌లోనే చూసి, రేకు మందం తగ్గించవచ్చని ఒకరు సలహా ఇచ్చారు. నమ్మవచ్చా?

జవాబు: హన్మకొండ అధ్యాపకురాలు

ఖర్చు సంగతి తేలికైనదే. ఫ్రీక్యాడ్ అనే సాఫ్ట్‌వేర్ పూర్తిగా ఉచితం, వ్యాపారానికి వాడినా రుసుము లేదు. 2024 నవంబరులో వచ్చిన 1.0 వెర్షన్‌లో భాగాలను కూర్చి చూసే అసెంబ్లీ సదుపాయం కూడా చేరింది. రేకు పనికి షీట్‌మెటల్ అనే అదనపు భాగాన్ని విడిగా చేర్చుకోవాలి.

బలం లెక్క విషయంలో తొందరపడవద్దని కోరుతున్నాను. తెర మీద ఎరుపు, నీలం రంగులు ఎంత నమ్మకంగా కనిపించినా, అవి మనం ఇచ్చిన బరువుకూ, మనం బిగించామని చెప్పిన చోటుకూ మాత్రమే జవాబు. మీ యంత్రం కంకులతో అదురుతూ నడుస్తుంది. పగుళ్లు సాధారణంగా వెల్డింగ్ అంచున, పదేపదే అదిరి లోహానికి వచ్చే అలసట వల్ల మొదలవుతాయి, నిలకడ బరువుతో చేసిన లెక్కలో అది కనబడదు. ఇన్నేళ్లలో తిరిగి వచ్చిన ఫ్రేములు ఎక్కడ పగిలాయో మీ మిస్త్రీ గారిని అడిగి, నమూనా మీద గుర్తు పెట్టించండి. మందం తగ్గించే ఆలోచన ఆ తరువాతే చేయండి.

ఇంకొక మాట. నమూనాలో అన్నీ సరిగ్గా కూర్చున్నంత మాత్రాన లేత్ దగ్గర కూర్చోవు. 6205 బేరింగ్ (లోపలి వ్యాసం 25, బయటి వ్యాసం 52) వాడుతుంటే డ్రాయింగ్‌లో షాఫ్టు 25 అని రాసి వదిలేయకండి. కె6 అనే ప్రామాణిక హద్దు ప్రకారం 25.002 నుంచి 25.015 వరకు అని రాయండి. బేరింగ్ ఇంటి రంధ్రం హెచ్7 అనే హద్దు ప్రకారం 52.000 నుంచి 52.030 వరకు. జాలికి ఇంత సూక్ష్మత అవసరం లేదు, సందు 25కు అటూ ఇటూ ఒక మిల్లీమీటరు అని మీరే నిర్ణయించండి. ఆ నిర్ణయం సాఫ్ట్‌వేర్ చేయదు. అవసరం లేని చోట కూడా బిగువైన హద్దు పెడితే లేత్ కూలి ఊరికే పెరుగుతుంది.

తిరిగి: ములుగు రోడ్డు వర్క్‌షాప్

రేపే పట్టీ వంచి కొలుస్తాను. ఈ ఆదివారం మిస్త్రీ గారితో కూర్చుని, పాత ఫ్రేముల పగుళ్ల గుర్తులు పెడతాము. కొత్త జాలికి 1 అని అంకె వేసి, నర్సంపేట రైతు యంత్రాన్ని కొలిచి వచ్చాక దానికీ ఒక సంఖ్య ఇస్తాను. వంపు కొలత ఎంత వచ్చినదీ ఇక్కడే రాస్తాను.