‘సంగీతమపి’యా, ‘సంగీతమథ’యా?

ప్రశ్న: “సంగీతమపి సాహిత్యం సరస్వత్యాః స్తనద్వయం, ఏకమాపాతమధురం అన్యదాలోచనామృతం” శ్లోకం రెండు రోజులుగా నోట్లో నానుతోంది. సంగీతం, సాహిత్యం సరస్వతీదేవి రెండు స్తనాలు, ఒకటి ఆపాతమధురం, రెండోది ఆలోచించేకొద్దీ అమృతం అని భావం. మొదటి పాదంలో ‘సంగీతమపి’యా, ‘సంగీతమథ’యా? మా తాతగారి నోటుపుస్తకంలో ‘మథ’ అని సిరాతో ఉంది. ‘థ’ మీద పెన్సిలుతో ‘పి’ అని దిద్ది ఉంది.

పద్యప్రియ: ఛందస్సు తేల్చదండీ. ఈ శ్లోకం అనుష్టుప్పు, పాదానికి ఎనిమిది అక్షరాలు. అందులో ఐదో అక్షరం లఘువు కావాలి, ‘పి’ అన్నా ‘థ’ అన్నా లఘువే. ‘అపి’ అంటే ‘కూడా’, ‘అథ’ అంటే ‘పిమ్మట’. ‘అథ’ అంటే ముందు సంగీతం, పిమ్మట సాహిత్యం అనే వరస ధ్వనిస్తుంది. చంటిబిడ్డకు ఆ వరస ఎందుకు? నా ఓటు ‘అపి’కే.

తంబుర: అసలు చిక్కు ‘ఆపాతమధురం’ దగ్గర ఉంది. దాన్ని ‘ఆ పాత’ అని విరిచి పాత సినిమా పాటలకు పేరుగా పెట్టేశారు. ఆపాతం అంటే వచ్చి పడడం. చెవిన పడగానే తీపి అని అర్థం.

చాటువు: అంతేనా? సంస్కృత కావ్యం కిరాతార్జునీయం పదకొండో సర్గలో భారవి “ఆపాతరమ్యా విషయాః పర్యంతపరితాపినః” అన్నాడు. ఇంద్రియసుఖాలు మొదట రమ్యం, చివరకు తాపం అని. కాబట్టి ఆ మాటలో కొంత చిన్నచూపు ఉంది.

తంబుర: తల్లిపాలతో పోల్చినచోట చిన్నచూపు ఎలా పడుతుందండీ? నా అభ్యంతరం వేరు. సంగీతాన్నంతా ఒకే చెవితో వినం. జోలపాట విన్నవాడు నిద్రపోతేనే పాడినవారికి తృప్తి. గట్టిమేళం మోగేది మూడుముళ్ల వేళ మరో మాట వినబడకుండా ఉండాలని. ఇక క్షేత్రయ్య “మంచి దినము నేడే మహరాజుగా రమ్మనవే” వినండి. విలంబంలో, అంటే నెమ్మది నడకలో, ముందు ఆనందభైరవి రాగం మనసును పట్టేస్తుంది. పల్లవి మూడోసారి తిరిగొచ్చేసరికి ‘మహరాజుగా’ తడుతుంది. గుమ్మంలోకి వచ్చినవారితో “మహరాజుగా రండి” అంటామే, అదీ ఆ పలుకు. రాజఠీవి ఉంది, ‘అడ్డేమీ లేదు’ అనే చనువూ ఉంది. పాట వేగంగా సాగి ఉంటే ఆ చనువు నా చెవి దాటిపోయేది. ఇది ఆపాతమా, ఆలోచనా?

పద్యప్రియ: క్షేత్రయ్య పదం వరకు ఒప్పుకుంటాను. కానీ త్యాగయ్యగారి “ఎందరో మహానుభావులు” చరణాల్లో ముందు స్వరం పాడి, అదే మెట్టుకు సాహిత్యం పాడతారు. స్వరం పాడుతున్నప్పుడు నేను శ్రీరాగంలో నిషాదం (‘ని’ స్వరం) కోసం వింటాను, సాహిత్యం వచ్చాక యతి కోసం వింటాను. అక్కడ రెండు స్తన్యాలూ విడివిడిగానే అందుతున్నాయి.

చాటువు: అలాగైతే ముందు స్వరం, పిమ్మట సాహిత్యం. ‘అథ’ అన్నట్టే కదండీ!

ప్రశ్న అడిగినవారు: పెన్సిలు దిద్దుబాటును మళ్లీ చూశాను. అది తాతగారి దస్తూరీ కాదు, మా నాయనమ్మది. ఆవిడ వీణ వాయించేవారు.